నీలిరంగు వెనక పేర్లు

టెస్ట్‌ట్యూబులో ఆ నీలిరంగు కనబడగానే ఇప్పటికీ నా మనసు ఒక్కసారి కలుక్కుమంటుంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే పరీక్ష అది. రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువున్నట్టు. రిసెర్చి చేసిన నాలుగేళ్లూ పొద్దున లేస్తే నాకదే పని. పుస్తకాల్లో దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ సుబ్బారావు ఎవరో కాదు, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

రిసెర్చి చివర్లో ఉండగా కాన్పుకి పుట్టింటికెళ్లాను. బిడ్డనెత్తుకుని తిరిగొచ్చాక లైబ్రరీలో ఓ జర్నల్ తిరగేస్తుంటే నా లెక్కలు, నా గ్రాఫులు కనిపించాయి. పైన మూడు పేర్లున్నాయి. అందులో నా పేరు లేదు. ఆఖర్న చిన్న అక్షరాల్లో, సహాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పేచోట ఉంది.

ధైర్యం చేసి మా గైడ్‌ని అడిగాను. "సుబ్బారావుగారంతటివారే పేరు కోసం పాకులాడలేదు. నీకెందుకమ్మా?" అన్నారు. మారు మాట్లాడకుండా వచ్చేశాను.

ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆయన గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

పేరున్నవీ... లేనివీ

1925లో ఆ ఫాస్ఫరస్ పద్ధతి అచ్చయినప్పుడు ఆయన అమెరికాలో హార్వర్డ్‌లో ఉన్నారు. ఫిస్కే పేరు పక్కన ఆయన పేరూ ఉంది. కండరానికి అవసరమైన వెంటనే శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్ మీద 1927లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పేపరు కూడా ఈ ఇద్దరిదే. అయినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధనలకి ఆయనే పెద్ద.

గర్భిణులకి మనం తప్పకుండా వేయించే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసినట్టు 1945లో ప్రకటించింది ఆయన బృందమే. ఆ పేపరు మీద పదహారు పేర్లు. అధిపతి అయ్యుండీ ఆయన పేరు ఎక్కడో మధ్యలో ఉంది. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. ఆరియోమైసిన్ యాంటిబయాటిక్ సంగతి 1948లో లోకానికి చెప్పిన పేపరు మీద డగ్గర్ పేరే ఉంది. అదే ఏడాది బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పదహారుమంది పిల్లలకి అమినోప్టెరిన్ ఇస్తే, పదిమందికి కొన్నాళ్లపాటైనా గుణం కనిపించింది. ఆ మందు సుబ్బారావుగారి ల్యాబు నుంచే వెళ్లింది. పేపరు మీద అయిదుగురి పేర్లున్నాయి, ఆయనది లేదు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట ఆయన కన్నుమూశారు.

మా గైడ్ చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే నిజం. సుబ్బారావుగారు తన పేరు తాను వదులుకున్నారు. నా పేరు వదలమని నన్నెవరూ అడగనే లేదు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

శేషగిరిగారి మాటేమిటి?

ఇంకా చదువుతుంటే ఏ పేపరు మీదా కనిపించని ఇద్దరు ఎదురయ్యారు. ఒకరు తల్లి వెంకమ్మగారు. పదమూడేళ్ల కొడుకు చదువొదిలేసి, కాశీలో అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని పారిపోతే వెనక్కి రప్పించి బడికి పంపిన మనిషి. మెట్రిక్ రెండుసార్లు తప్పినా ఆవిడ పట్టు విడవలేదు.

రెండోవారు భార్య శేషగిరిగారు. 1919లో పెళ్లి. అల్లుడి వైద్య విద్యకి మామగారు సాయం చేశారు. 1922లో ఆయన గర్భంతో ఉన్న భార్యని వదిలి ఓడెక్కారు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డని తండ్రి చూడనే లేదు. ఆయన మళ్లీ ఇండియా గడప తొక్కలేదు.

ఆయన మందులతో ఎన్ని ఇళ్లలో దీపాలు నిలబడ్డాయో. అందుకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ చదువుకి ఖరీదు కట్టినవాళ్లలో శేషగిరిగారు లేరనగలమా? ఆవిడకి కృతజ్ఞతలు చెప్పే చిన్న అక్షరాల వరసైనా దొరకలేదు.

మా ఆడపిల్లలకి చెప్పేది

ఆ పేపరు పోయింది. థీసిస్ మాత్రం పూర్తిచేసి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రిసెర్చికి వెళ్లే అమ్మాయిలు సలహా అడిగితే రెండే చెబుతాను. మీ నోటుబుక్కులో ప్రతి పేజీకీ తేదీ వేసి సంతకం పెట్టండి. పేపరు రాయడం మొదలుపెట్టే రోజునే ఎవరి పేర్లు, ఏ వరసలో అని అడగండి. అడగడం అత్యాశ కాదు.

మొన్న నా శిష్యురాలు తన మొదటి పేపరు తెచ్చి చూపించింది. రెండో పేరు ఆమెది. చివర్న కృతజ్ఞతల్లో, తను ల్యాబులో ఉన్న రోజుల్లో పసివాణ్ని చూసుకున్న అత్తగారి పేరు కూడా రాసింది.

ఆ వరస దగ్గర నా వేలు కాసేపు అలాగే ఆగిపోయింది.