కళ్లజోడు ధరలో అద్దం వాటా ఎంత?

ఢిల్లీ మెట్రో వయొలెట్ లైన్ ఫరీదాబాద్‌లో చాలా దూరం మథురా రోడ్డు వెంటే సాగుతుంది. కళ్లజోళ్ల సంస్థ లెన్స్‌కార్ట్ తన ప్రధాన కార్యాలయాన్ని చాలాకాలం ఈ రోడ్డు పక్కనుంచే నడిపింది. అదే రైల్లో దిగకుండా కూర్చుంటే పాత ఢిల్లీలో లాల్ కిలా స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి చాందినీ చౌక్‌లో కాస్త దూరం నడిస్తే బల్లీమారాన్. మీర్జా గాలిబ్ చివరి రోజులు గడిపిన హవేలీ ఉన్న పేట అది. ఇప్పుడు కళ్లజోళ్ల టోకు బజారుగా పేరు. రైలు ఒకటే, కంటి పవర్ ఒకటే. కానీ అద్దాల దుకాణంలో అడిగే ధర మాత్రం ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి.

కళ్లజోడు ధర అంతుబట్టదని చాలామంది అనుకుంటారు. వాచీ ఖరీదైనదని చూడగానే తెలుస్తుంది, చెప్పుల నాణ్యత వేసుకుంటే తెలుస్తుంది. అద్దంలో మాత్రం ఏది రూ.300 సరుకో, ఏది రూ.3,000 సరుకో కొనేవారు పోల్చుకోలేరు. పైగా అది సరదాకు కొనేది కాదు, లేకపోతే పని జరగదు.

ప్రభుత్వం పన్ను తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పవర్ కళ్లజోళ్లు, వాటి లెన్సులు, ఫ్రేముల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. లెక్క వేసి చూద్దాం. పన్ను కాకుండా రూ.2,000 ఉన్న జోడుకు ఇదివరకు రూ.2,240 కట్టాలి, ఇప్పుడు రూ.2,100. మిగిలేది రూ.140. అదీ, దుకాణదారు అసలు ధర పెంచకుండా తగ్గింపు మొత్తాన్ని కొనేవారికి వదిలితే. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డు వేలాడే చోట ఈ రూ.140 కంటికి ఆనదు. అంటే ధరలోని బరువు పన్నులో లేదు. మరి ఎక్కడుంది?

ఫ్యాక్టరీ గేటు దగ్గర చవకే

నేటి లెన్సుల్లో ఎక్కువ భాగం గాజువి కావు, ప్లాస్టిక్‌వి. మామూలు లెన్సుకు వాడే సీఆర్-39 అనే పదార్థం 1940లలోనే అమెరికాలో తయారైంది. ద్రవాన్ని అచ్చుల్లో పోసి గట్టిపరుస్తారు. ఎక్కువమందికి ఉండే పవర్లలో లెన్సులను ముందే లక్షల్లో చేసి పెట్టుకుంటారు. మీ పవర్ వాటిలో ఉంటే దుకాణంలో జరిగే పనల్లా అంచులు అరగదీసి ఫ్రేములో బిగించడమే. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నా, దూరానికీ దగ్గరకూ కలిపి ఒకే అద్దం కావాలన్నా, లెన్సును ప్రత్యేకంగా మీ కోసం చెక్కాలి. అక్కడ ఖర్చు నిజంగానే పెరుగుతుంది. సన్నగా ఉండే అద్దాలకు వాడే 1.67, 1.74 ఇండెక్సు పదార్థాలూ ఖరీదైనవే. పవర్ బాగా ఎక్కువ ఉన్నవారికి వాటితో ప్రయోజనం ఉంది. మైనస్ ఒకటిన్నర ఉన్నవారికి ఆ తేడా చాలావరకు కనిపించదు.

చైనాలోని జియాంగ్సూ రాష్ట్రంలో డాన్యాంగ్ అనే పట్టణం ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే లెన్సుల్లో పెద్ద వాటా అక్కడిదే. లెన్సులూ ఫ్రేములూ ఫ్యాక్టరీ దాటేటప్పుడు ఎంత ఉంటాయో పరిశ్రమలోని ఒక పెద్దమనిషే బయటపెట్టాడు. అమెరికాలో లెన్స్‌క్రాఫ్టర్స్ గొలుసు దుకాణాలను 1983లో స్థాపించిన డీన్ బట్లర్, 2019లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌తో మాట్లాడుతూ ఒక లెక్క చెప్పాడు. మంచి ఫ్రేము 4 నుంచి 8 డాలర్లకు వస్తుంది, డిజైనర్ స్థాయిది కావాలంటే 15 డాలర్లు, మేలైన లెన్సు ఒక్కోటి ఒకటింబావు డాలరు. ఇవే వస్తువులు అక్కడి దుకాణాల్లో వందల డాలర్లు పలుకుతాయి.

మిగతాది ఎటు పోతోంది?

మొదట దుకాణానికి. కిరాణా కొట్టులా రోజుకు వందలమంది వచ్చే వ్యాపారం కాదిది. చిన్న కళ్లజోళ్ల దుకాణంలో రోజుకు పట్టుమని పది జోళ్లు అమ్ముడైతే మంచి రోజే. ఆ కొద్దిపాటి అమ్మకాల మీదే అద్దె, కరెంటు, కంటి పవర్ చూసే యంత్రం, దాన్ని నడిపే మనిషి జీతం రావాలి. గోడ నిండా వందల ఫ్రేములు పెడితే కానీ కొనేవారు లోపలికి రారు. ఫ్యాషన్ మారితే వాటిలో సగం అలాగే మిగిలిపోతాయి. ఆ మిగిలిన సరుకు ధర కూడా అమ్ముడైన ఫ్రేముల మీదే పడుతుంది.

'కంటి పరీక్ష ఉచితం' అన్నది కూడా ఈ లెక్కలోదే. పరీక్ష ఉచితం కాదు, దాని ఖర్చు అద్దాల బిల్లులో కలిసి ఉంటుంది. పరీక్ష చేసిన దుకాణమే అద్దాలూ అమ్ముతున్నప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. అవసరం ఏమిటో చెప్పేదీ, ఆ అవసరాన్ని అమ్మి లాభం పొందేదీ ఒకరే.

ఈ చిక్కు బాగా కనిపించేది పైపూతల దగ్గర. వెలుతురు ప్రతిఫలించకుండా వేసే పూత పనికొచ్చేదే, ముఖ్యంగా రాత్రి బండి నడిపేవారికి. కంప్యూటర్ ముందు కూర్చునేవారికి తప్పనిసరి అన్నట్టు అమ్మే 'బ్లూ కట్' సంగతి వేరు. ఈ అద్దాల మీద జరిగిన 17 పరీక్షలను కాక్రేన్ సంస్థ 2023లో ఒకచోట చేర్చి సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు, కనీసం కొద్దికాలపు వాడకంలో. అయినా కౌంటర్ దగ్గర 'బ్లూ కట్ వేయమంటారా మేడమ్?' అన్న ప్రశ్న ఆగలేదు. వద్దంటే ఏదో లోపం చేస్తున్నట్టు అనిపించేలా అడుగుతారు.

బ్రాండ్ సంగతి మరో కథ. ఇటలీలో 1961లో లియొనార్డో డెల్ వెక్కియో మొదలుపెట్టిన లుక్సోటికా 1999లో రే-బాన్‌ను, 2007లో ఓక్లీని కొనేసింది. ప్రాడా, షనెల్ వంటి పేర్లతో వచ్చే ఫ్రేములను కూడా ఒప్పందం మీద అదే చేస్తుంది. లెన్స్‌క్రాఫ్టర్స్, సన్‌గ్లాస్ హట్ దుకాణాలూ దానివే. లెన్సుల్లో పెద్దన్నలాంటి ఫ్రెంచి సంస్థ ఎస్సిలార్‌తో 2018లో అది కలిసిపోయింది. వేర్వేరు పేర్లు చూసి పోటీ ఉందనుకుంటాం. వాటిలో చాలా పేర్ల వెనక ఉన్నది ఎస్సిలార్‌లుక్సోటికా ఒక్కటే.

ఫరీదాబాద్ నుంచి వచ్చిన జవాబు

ఈ ధరల గొలుసును తెంచుతామంటూ వచ్చిన సంస్థల్లో భారత్‌లో పెద్దది లెన్స్‌కార్ట్. పీయూష్ బన్సల్ తదితరులు 2010లో ఆన్‌లైన్లో అద్దాలు అమ్మడం మొదలుపెట్టారు. మధ్యవర్తులను తప్పించి, ఫ్రేములూ లెన్సులూ సొంతంగా చేసుకుని నేరుగా అమ్మడం దాని పద్ధతి. రాజస్థాన్‌లోని భివాడీలో పెద్ద ప్లాంటు పెట్టింది. రే-బాన్ తయారీ ప్లాంటు కూడా భివాడీలోనే ఉండటం ఒక తమాషా. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో కూడా ఒప్పందం కుదిరింది. హైదరాబాద్ శివారులోని ఫ్యాబ్ సిటీలో రూ.1,500 కోట్లతో ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించారు.

దీనివల్ల నగరాల్లో మధ్యతరగతికి మేలు జరిగిన మాట కాదనలేం. ధర ముందే తెలిసింది, నాలుగు చోట్ల పోల్చుకునే వీలొచ్చింది. పాత దుకాణాలూ ధరలు సరిచూసుకోవాల్సి వచ్చింది. కానీ మొదట ఆన్‌లైన్ అన్న సంస్థ చివరికి వీధివీధినా దుకాణం తెరవక తప్పలేదు. 2025 మార్చి నాటికి దానికి 2,723 దుకాణాలున్నాయి, వాటిలో 2,067 భారత్‌లోనే. పవర్ చూపించుకోకుండా, పెట్టుకుని చూడకుండా జనం కళ్లజోడు కొనరు. దుకాణం వస్తే అద్దె వస్తుంది, జీతాలొస్తాయి. ఆ ఖర్చంతా మళ్లీ ధరలోకే చేరుతుంది. 2025 నవంబరులో స్టాక్ మార్కెట్లో నమోదయ్యాక వాటాదారుల లాభం కూడా చూడాలి.

పరిశ్రమలో ఇప్పుడు అందరూ పాటిస్తున్న సభ్యత్వాలు, రెండు జోళ్ల ఆఫర్లు కూడా ధరను మళ్లీ మసకబారుస్తున్నాయి. ఒక్క జోడే కావలసిన మనిషి రెండు జోళ్ల కోసం లెక్కగట్టిన ధర ముందు నిలబడతాడు.

కొనలేని వారికి పడే ఖర్చు

ఫరీదాబాద్ పారిశ్రామిక పట్టణం. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం కట్టిన కొత్త టౌన్‌షిప్ చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాయి. లేత్ మెషీన్ మీద కొలత చూసేవారు, బట్టల యూనిట్లలో సూదిలో దారం ఎక్కించేవారు, చిన్న భాగాలు ఏరి తనిఖీ చేసేవారు. వీళ్లందరికీ చేతికి అందేంత దూరం స్పష్టంగా కనపడాలి. సరిగ్గా ఆ దూరమే నలభై దాటాక మసకబారుతుంది. చత్వారం అన్న మాటలోనే ఆ నలభై ఉంది, సంస్కృతంలో నలభైని చెప్పే చత్వారింశత్ నుంచి వచ్చింది. మరాఠీలో దీన్నే చాళిశీ అంటారు.

నెలకు రూ.12,000 సంపాదించే మనిషిని ఊహించుకోండి. నెలకు 26 పనిరోజులైతే రోజు కూలి రూ.460 చిల్లర. రూ.2,000 కళ్లజోడు అంటే నాలుగు రోజులకు పైగా కూలి. పరీక్షకు ఒకసారి, తెచ్చుకోవడానికి ఇంకోసారి సెలవు పెడితే అది అదనం. ఆరోగ్య బీమా ఉన్నా సాధారణంగా కళ్లజోడు ఖర్చు దాని కిందికి రాదు. కాబట్టి చాలామంది వాయిదా వేస్తారు, కళ్లు చికిలించి పని కానిస్తారు.

అలా వాయిదా వేస్తే ఎంత నష్టమో కొలిచిన అధ్యయనం మన దేశంలోనే జరిగింది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు చత్వారపు అద్దాలిచ్చారు. వాళ్లు కోసిన ఆకు రెండో జట్టు కంటే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. యాభై దాటినవారిలో తేడా ఇంకా ఎక్కువ. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఫలితం ఇది. బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగిన మరో పరీక్ష 2024లో వెలువడింది. అక్కడ అద్దాలు అందినవారి ఆదాయం మూడో వంతు ఎక్కువగా తేలింది. ఆకు కోతకే ఇంత తేడా ఉంటే, సూదీదారం పనికి ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

పిల్లల విషయంలో ఖర్చు ఒక్కసారితో పోదు. ఢిల్లీ బడిపిల్లల్లో 13.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉందని ఎయిమ్స్ వైద్యులు 2015లో ప్రచురించిన సర్వేలో తేలింది. ఎదిగే వయసులో పవర్ మారుతూనే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి కొత్త అద్దాలు కావాలి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడిపిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. మరుసటి ఏడు అదే పిల్లవాడిని మళ్లీ చూస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగు రాష్ట్రాలు చూపిన దారి

ఉచితంగా, పెద్దఎత్తున ఇవ్వడంలో తెలుగు రాష్ట్రాలకు అనుభవం ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు మొదటి విడతలో ఒకటిన్నర కోట్లమందికి పైగా పరీక్ష చేశారు. రెండో విడత 2023 జనవరిలో ఖమ్మం నుంచి మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఇదే పేరుతో మొదలుపెట్టి బడిపిల్లలతో ఆరంభించారు. చత్వారపు అద్దాలు శిబిరంలోనే చేతికిచ్చారు. దూరపు చూపు అద్దాలు ఆర్డరు పెట్టి తరవాత పంపాల్సి వచ్చింది, ఆలస్యాలు జరిగింది అక్కడే. అంతకన్నా పెద్ద లోపం, శిబిరం వెళ్లిపోతుంది. పవర్ మారినా, కాడ విరిగినా మళ్లీ అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ లోటును తీర్చే నమూనా హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ దగ్గర ఉంది. దాదాపు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అందులో స్థానికంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన టెక్నీషియన్. పరీక్ష అక్కడే, అద్దాల అమ్మకం అక్కడే. నగరపు అద్దె లేదు, గోడ నిండా ఫ్రేములు లేవు, బ్రాండ్ లేదు. అద్దాల మీద వచ్చే కొద్ది ఆదాయం సెంటర్ నడవడానికి ఉపయోగపడుతుంది. ధర ఎందుకు పెరుగుతోందో తెలిస్తే ఎలా తగ్గించవచ్చో కూడా తెలుస్తుందనడానికి ఈ చిన్న గది సాక్ష్యం.

గుండె స్టెంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది కదా, కళ్లజోడుకు ఎందుకు పెట్టదన్న ప్రశ్న వస్తుంది. ఫ్రేము ఫ్యాషన్ వస్తువు, దానికి ఒక ధర కట్టడం అయ్యే పని కాదు. సాదా లెన్సుకు కట్టవచ్చు. అంతకన్నా తేలికైనది బిల్లులో ఫ్రేము, లెన్సు, పూత వేర్వేరుగా చూపమనడం. అమెరికాలో 1978 నుంచి ఉన్న నిబంధన ప్రకారం పరీక్ష కాగానే ప్రిస్క్రిప్షన్ చేతికివ్వాలి, అద్దాలు అక్కడే కొనాలని షరతు పెట్టకూడదు.

ఇక్కడ ఆ కాగితం అడిగి తీసుకోవాల్సిందే. అందులో పవర్‌తో పాటు పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం కూడా రాయించుకోవాలి. అది ఉంటే అదే పవర్‌కు మథురా రోడ్డులోనూ, బల్లీమారాన్‌లోనూ, కోఠీలోనూ ధర అడగవచ్చు. పాత ఫ్రేము గట్టిగా ఉంటే లెన్సులు మాత్రమే మార్పించుకోవచ్చు, చాలా దుకాణాలు చేస్తాయి కానీ తమంతట తాము చెప్పవు. దూరం చూపు బాగుండి, రెండు కళ్లకూ ఒకే పవర్ సరిపోయేవారికి చదువుకోవడానికి వంద, రెండు వందలకు దొరికే రెడీమేడ్ చత్వారపు అద్దాలు చాలు. అయితే నలభై దాటాక ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోవాలి. నీటికాసులు నొప్పి లేకుండా చూపును తినేస్తాయి, పవర్ చూసే యంత్రం వాటిని పట్టుకోదు.