నల్లమందు వ్యసనం: క్రమంగా మాన్పించే చికిత్స, ధర్మశాస్త్ర దృష్టి

మత్తు కలిగించే వస్తువు నిషిద్ధమన్న సంగతి ప్రతి ముస్లింకూ తెలిసినదే. కాని ఆ నిషిద్ధ వస్తువుకు శరీరం అప్పటికే లొంగిపోయిన మనిషి దానిని ఏ విధంగా వదలాలన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు. రెండవదానికి ధర్మశాస్త్రంతోపాటు వైద్యశాస్త్రం కూడా అవసరమవుతుంది. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని గమనించకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలలో అనర్థం జరుగుతున్నది. తండ్రి కొడుకుచేత ఒట్టు వేయిస్తాడు, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు. వారం పది రోజులు గడిచి బాధలు తగ్గగానే పీడ విరగడైందని సంతోషిస్తాడు. నిజానికి అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

గసగసాల మొక్క పచ్చికాయకు గాట్లు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. దీనినే అభిని అని కూడా అంటారు. అరబ్బీ, ఫార్సీ గ్రంథాలలో దీని పేరు అఫ్యూన్. మార్ఫిన్, కోడీన్ దీని నుండి తీసినవి. మార్ఫిన్ నుండి హెరాయిన్ తయారవుతుంది. ట్రామడాల్, టాపెంటడాల్ వంటి నొప్పి మాత్రలు రసాయనశాలలో పుట్టినవైనా శరీరంలో అదే విధంగా పని చేస్తాయి. కనుక నల్లమందు తినేవానికీ, కోడీన్ కలిసిన దగ్గుమందు సీసాలు ఖాళీ చేసేవానికీ, నొప్పి మాత్రలకు అలవాటు పడినవానికీ వచ్చిన జబ్బు మూలంలో ఒక్కటే.

పూర్వ పండితుల పరిశీలన

ఈ జబ్బు ముస్లిం పండితులకు కొత్తది కాదు. 11వ శతాబ్దిలో అల్ బీరూనీ ఔషధాలపై రచించిన 'కితాబుస్సైదనా'లో నల్లమందు అలవాటును వర్ణించాడు. మక్కా వంటి ఉష్ణప్రదేశాల వారు ఎండబాధ నుండి ఉపశమనానికీ, నిద్రకూ దానిని కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టి, ప్రాణాంతకమైన మోతాదు వరకు పోతారని వ్రాశాడు. మోతాదు పెరుగుతూ పోవడమే ఈ వ్యసన లక్షణమని అతడు గ్రహించాడన్నమాట.

16వ శతాబ్దిలో సఫవీ ఇరాన్ వైద్యుడు ఇమాదుద్దీన్ మహ్మూద్ షీరాజీ నల్లమందుపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. దాని పేరు 'అఫ్యూనియ్యా'. ఆయన స్వయంగా ఈ వ్యసనానికి లోనైనవాడు. ఒక పాలకుడు ఆగ్రహించి ఆయనను రాత్రంతా మంచులో నిలబెట్టాడనీ, చలికి తట్టుకోవడానికి నల్లమందు తిన్నాడనీ, ఆ అలవాటు తరువాత వదలలేదనీ చెబుతారు. ఒక్కసారిగా మానడానికి బదులు మోతాదును కొంచెం కొంచెంగా తగ్గించాలనీ, మధ్యలో ప్రత్యామ్నాయ మందులు ఇవ్వాలనీ ఆయన సూచించాడు.

ఇబ్న్ హజర్ ఇచ్చిన ఫత్వా

అదే శతాబ్దిలో మక్కా నివాసి, షాఫయీ పండితుడు ఇబ్న్ హజర్ అల్ హైతమీని ఒక ప్రశ్న అడిగారు. నల్లమందు వంటిదానికి బానిసై, తినకపోతే ప్రాణం పోయే స్థితికి చేరుకున్నవాని సంగతేమిటి? ఆయన సమాధానంలో మూడు అంశాలున్నాయి. ఒకటి, ప్రాణం పోతుందని నిశ్చయంగా తెలిస్తే అతనికి అది అనుమతించబడుతుంది; అంతేకాదు, ప్రాణరక్షణ కొరకు తప్పనిసరి కూడా అవుతుంది. ఆకలితో చనిపోబోయేవానికి చచ్చిన జంతువు మాంసం అనుమతించబడినట్లే ఇది కూడా. రెండు, ఆ అనుమతి శాశ్వతం కాదు. శరీరానికి తెలియనంత మెల్లగా మోతాదు తగ్గించుకుంటూ పోవడం అతనిపై విధి. మూడు, ఆ ప్రయత్నమే చేయకుండా కూర్చుంటే అతడు పాపి అవుతాడు.

ఈ ఫత్వాను 19వ శతాబ్ది డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ తన 'రద్దుల్ ముహ్తార్'లో ఉదహరించాడు. హనఫీ సూత్రాలు దీనికి విరుద్ధం కావన్న రమ్లీ అభిప్రాయాన్ని కూడా చేర్చాడు. మన దేశంలోని హనఫీ ముఫ్తీలు నిత్యం తిరగవేసే గ్రంథం ఇది. ఆంధ్ర, తెలంగాణ ముస్లింలలో అత్యధికులు హనఫీలే. కనుక క్రమంగా మాన్పించడం అన్నది ఎక్కడి నుండో అరువు తెచ్చుకున్న ఆలోచన కాదు. అది మన ఫిఖ్హ్ గ్రంథాలలోనే ఉన్నది.

శరీరంలో జరిగేదేమిటి?

నల్లమందు జాతి మందులు మెదడులో కొన్ని ప్రత్యేక స్థానాలను పట్టుకుంటాయి. నొప్పి తగ్గుతుంది, సుఖం కలుగుతుంది, ఊపిరి మందగిస్తుంది. చాలా రోజులు వాడితే మెదడు తన పనితీరును ఆ మందుకు అనుగుణంగా సర్దుకుంటుంది. అప్పుడు మందు తప్పితే శరీరం తిరగబడుతుంది. వైద్యులు దీనినే విత్‌డ్రాయల్ అంటారు. హెరాయిన్ విషయంలో చివరి మోతాదు తీసుకున్న సుమారు 8 నుండి 12 గంటలకు ఇది మొదలవుతుంది. ఆవులింతలు, కన్నీరు, ముక్కు కారడం, చెమటలు, గగుర్పాటు, కడుపులో మెలితిప్పడం, వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. రెండు మూడు రోజులకు బాధ పరాకాష్ఠకు చేరి, వారం పది రోజులలో తగ్గుతుంది. మందుపై యావ, దిగులు, నిద్రలేమి మాత్రం నెలల తరబడి వెంటాడవచ్చు.

ఆరోగ్యవంతుడైన వయోజనునికి ఈ బాధలు సాధారణంగా ప్రాణాంతకం కావు. కాని వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోతున్నా పట్టించుకోకపోతే మరణం సంభవించవచ్చు. వృద్ధులకు, హృద్రోగులకు ప్రమాదం మరింత ఎక్కువ. గర్భవతి హఠాత్తుగా మానితే గర్భంలోని శిశువుకు హాని కలగవచ్చు గనుక ఆమె తప్పక వైద్యుని పర్యవేక్షణలో ఉండాలి. మత్తుమందుతోపాటు మద్యం, నిద్రమాత్రలు కూడా వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు. ఈ సంగతి వైద్యుని దగ్గర దాచకూడదు.

అయితే పైన చెప్పిన అసలు ప్రమాదం వేరే ఉన్నది. కొద్దిరోజులు మందు ఆగితే దానిని తట్టుకునే శక్తి త్వరగా పడిపోతుంది. యావ మాత్రం మిగిలే ఉంటుంది. గది తలుపు తెరుచుకున్న రోజున అతడు పాత మోతాదే తీసుకుంటే ఇప్పటి శరీరం దానిని తట్టుకోలేదు. ఊపిరి ఆగిపోతుంది. చెరసాల నుండి విడుదలైనవారిలోనూ, మందు మాన్పించి పంపివేయబడిన వారిలోనూ మొదటి వారాలలోనే మరణాలు ఎక్కువగా జరగడానికి కారణం ఇదే. ఇబ్న్ హజర్ తన ఫత్వాకు ఆధారం చేసుకున్న ప్రాణభయం ఈనాడు ముఖ్యంగా ఇక్కడ కనిపిస్తున్నది.

చికిత్సా క్రమం

నేటి వైద్యంలో రెండు మందులు ప్రధానమైనవి. ఒకటి మెథడోన్. 1960 దశకం మధ్యలో న్యూయార్కులో డోల్, నిస్వాండర్ అనే వైద్యులు దీనిని హెరాయిన్ పీడితుల చికిత్సకు ప్రవేశపెట్టారు. రెండవది బ్యుప్రెనార్ఫిన్, నాలుక కింద పెట్టుకునే మాత్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండింటినీ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఇవి కూడా మెదడులోని ఆ స్థానాలనే పట్టుకుంటాయి. కాని మెల్లగా, చాలాసేపు పని చేస్తాయి. తగిన మోతాదులో ఇస్తే మత్తు ఎక్కదు, బాధా ఉండదు. మనిషి పనికి పోగలడు, నమాజుకు నిలబడగలడు.

బ్యుప్రెనార్ఫిన్‌ను విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలైన తరువాతనే ప్రారంభించాలి. ముందే తీసుకుంటే అది పాత మందును తోసివేసి బాధలను ఒక్కసారిగా తీవ్రం చేస్తుంది. మెథడోన్ మోతాదు మొదట తక్కువగా ఉండి నెమ్మదిగా పెరగాలి. తొందరపడితే ఊపిరికి ముప్పు. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ వైద్యం ఎవరికి వారు చేసుకునేది కాదు. చికిత్స ఎంతకాలమన్నదానికి ఒకే కొలత లేదు. కొందరికి నెలలు, చాలామందికి సంవత్సరాలు పడుతుంది. త్వరపడి ఆపినవారే ఎక్కువగా వెనుకకు జారిపోతారు.

రమజాన్ ఉపవాసాల విషయంలో కూడా చాలామందికి సందేహం కలుగుతుంది. సాధారణంగా రోజుకు ఒకే మోతాదు కనుక దానిని ఇఫ్తార్ తరువాతకు మార్చే వీలున్నది. కాని ఆ మార్పును వైద్యుడే చేయాలి. రోగికి ఉపవాసం విషయంలో దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు ఇతనికి కూడా వర్తిస్తుంది.

'ఒక మత్తుకు బదులు మరొక మత్తా?'

ఇది తరచుగా వినవచ్చే ఆక్షేపణ. శరీరం ఒక మందుపై ఆధారపడటం వేరు, వ్యసనం వేరు. వ్యసనపరుడు మందు కొరకు అబద్ధమాడతాడు, అప్పు చేస్తాడు, ఇంట్లో వస్తువులు అమ్ముతాడు, మోతాదు పెంచుకుంటూ పోతాడు. చికిత్సలో ఉన్నవాడు నిర్ణీత మోతాదును, వైద్యుని చేతి నుండి, ఆరోగ్యం కొరకు తీసుకుంటాడు. నిషిద్ధ వస్తువుతో వైద్యం విషయంలో పండితుల మధ్య చర్చ ఉన్న మాట వాస్తవమే. వేరే మందు లేదని నిపుణుడైన వైద్యుడు చెప్పినప్పుడు అనుమతి ఉన్నదని తరువాతి హనఫీ పండితులనేకులు చెప్పారు. నల్లమందునే తగ్గిస్తూ తినడానికి ఇబ్న్ హజర్ అనుమతించగా, వైద్యుని అదుపులో ఇచ్చే ఔషధం విషయంలో సంకోచానికి చోటు ఇంకా తక్కువ.

ముస్లిం దేశాల అనుభవం కూడా ఇదే దిశలో ఉన్నది. ఇరాన్‌లో 2005లో న్యాయవ్యవస్థ అధిపతి ఆయతుల్లా షాహ్రూదీ, మెథడోన్ చికిత్స వంటి కార్యక్రమాలకు ఆటంకం కలిగించరాదని న్యాయాధికారులకు ఉత్తర్వు పంపారు. మలేషియాలో మెథడోన్ చికిత్స 2005లో ప్రారంభమైంది. 2010లో కౌలాలంపూర్‌లోని అర్ రహ్మాన్ మసీదులో, మలయా విశ్వవిద్యాలయ వైద్యుల సహకారంతో, మసీదు ఆవరణలోనే ఈ చికిత్స మొదలుపెట్టారు.

మన దేశంలో

2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఈ జాతి మందులు వాడుతున్నారు. వారిలో సుమారు 77 లక్షల మందికి సహాయం అవసరం. పోలీసుల భయంతో చాలామంది ముందుకు రారు. కాని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకానికి లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరంలో చిక్కి, గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స పొందే వ్యసనపీడితునికి రక్షణ కల్పిస్తున్నది. చికిత్సను మధ్యలో వదిలివేస్తే ఆ రక్షణ పోవచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగాలలో సలహా పొందవచ్చు. 14446 జాతీయ సహాయ నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

నమోదు కాని 'డీ-అడిక్షన్ కేంద్రాల' విషయంలో జాగ్రత్త అవసరం. రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది. కేంద్రానికి నమోదు ఉన్నదా, వైద్యుడు ఉన్నాడా, మందు ఇస్తారా, ఇంటికి పంపిన తరువాత చికిత్స కొనసాగిస్తారా అని చేర్చేముందే అడగాలి.

కుటుంబం, జమాఅత్ చేయవలసినది

మందులను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. రోగి లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించి గురక పెడుతున్నా, పెదవులు నీలంగా మారినా నిద్రపోతున్నాడనుకోకూడదు. వెంటనే 108కి ఫోను చేసి, అతనిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ దగ్గర ఉండాలి. ఏ మందు తీసుకున్నాడో దాచకుండా చెప్పాలి. సకాలంలో నలాక్సోన్ ఇస్తే ఆగిపోతున్న ఊపిరి తిరిగి వస్తుంది.

జబ్బుపడినవారిని వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఈ జబ్బుకు మినహాయింపు ఏమీ లేదు. సహాయం కోరి మసీదు గడప ఎక్కినవానిని ఇమాం సాహెబు ముందుగా ఒట్టు అడగనక్కరలేదు. వైద్యుని వద్దకు తోడు పంపితే చాలు. అతడు ఒకసారి జారిపడితే మరల పంపాలి. తౌబా ద్వారం తెరిచే ఉన్నది. సఫ్‌లో అతని చోటు అతనికి ఉంచడం, వదినమ్మలు, బావమరుదులు ఎత్తిపొడవకుండా చూడడం, చేయడానికి ఒక పని చూపించడం మిగిలినవారి వంతు. కొద్దికొద్దిగా తగ్గించుకోవడం రోగిపై విధి అని ఇబ్న్ హజర్ అన్నాడు. ఆ విధిని అతడు ఒంటరిగా నెరవేర్చలేనప్పుడు పక్కన నిలబడడం జమాఅత్ బాధ్యత అవుతుంది.