నాయకుని సైనిక సేవను గౌరవిద్దాం, ప్రశ్నను మాత్రం ఆపవద్దు

సరిహద్దులో తుపాకులు మోగిన ప్రతిసారీ మన మధ్య ఒక వాదం లేస్తుంది. ఏ నాయకుడు సైన్యంలో పనిచేశాడు, ఎవరు చేయలేదు, ఎవరిది నిజమైన దేశభక్తి అని. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైన తరువాత ఈ వాదం మళ్లీ వేడెక్కింది. ఆర్మూరు ప్రాంతపు సంఘాల్లో అన్ని పార్టీలవారూ ఉన్నారు, సైన్యంలో బిడ్డలున్న తల్లిదండ్రులూ ఉన్నారు. ఒకే బల్లలో పాలుపంచుకునేవారు ఈ మాట మీద ఒకరినొకరు నొప్పించుకోకూడదు. అందుకే దీన్ని వాక్యపు వెలుగులో చూడాలని అనుకుంటున్నాం.

ఈ వాదం ఎంత దూరం పోతుందో అమెరికా చూపింది. 2004లో ఇరాక్‌లో యుద్ధం సాగుతుండగానే అక్కడ అధ్యక్ష ఎన్నిక జరిగింది. వియత్నాంలో పోరాడి పతకాలు పొందిన జాన్ కెర్రీ సేవ అబద్ధమని కొందరు మాజీ సైనికులు ప్రకటనలు ఇచ్చారు. నౌకాదళ రికార్డులూ, ఆయన పడవలో పనిచేసినవారిలో చాలామందీ ఆయన పక్షానే నిలిచారు. మరోవైపు, జార్జి బుష్ నేషనల్ గార్డు సేవను తప్పుపడుతూ సీబీఎస్ టీవీ కొన్ని పత్రాలు చూపింది. అవి అసలైనవని రుజువు చేయలేక క్షమాపణ చెప్పింది. దుష్ప్రచారం ఏ ఒక్క పక్షానిదో కాదన్నమాట.

2024లోనూ అదే జరిగింది. నేషనల్ గార్డులో 24 ఏళ్లు పనిచేసిన టిమ్ వాల్జ్, యుద్ధంలో ఆయుధం మోశానని ఒకసారి అన్నారు. ఆయన యుద్ధరంగానికి వెళ్లలేదు. మాట తప్పుగా దొర్లిందని ఆయన పక్షం ఒప్పుకుంది. ఆయనను నిలదీసిన జేడీ వాన్స్, మన తెలుగు మూలాలున్న ఉషా చిలుకూరి భర్త. ఆయన మెరైన్ దళంలో ఉండి ఇరాక్ వెళ్లారు గానీ, అక్కడ చేసింది సైనిక విలేఖరి పని. ఇద్దరూ నిజంగా సేవ చేసినవారే. ఒక్క మాట ఎక్కువ కావడంతో అంతకాలపు సేవా చర్చకు గురైంది.

మన రాష్ట్రంలో మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి ఒకప్పుడు వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపారు. అది గౌరవించదగిన సేవ, ఏ పార్టీవారైనా ఒప్పుకోవాలి. అయితే ఆయన ఇప్పుడు చూసే నీటిపారుదల, పౌర సరఫరాల శాఖల గురించి రైతు అడిగే ప్రశ్నకు ఆ సేవ జవాబు కాదు. అలాగే సైన్యంలో పనిచేయని నాయకుడు యుద్ధం గురించి ప్రశ్న అడిగినంత మాత్రాన దేశద్రోహి కాడు. 2022లో కేసీఆర్ సర్జికల్ స్ట్రైక్‌కు రుజువులు అడిగినప్పుడూ, 2025లో రేవంత్ రెడ్డి రాఫెల్ విమానాల నష్టం గురించి అడిగినప్పుడూ పెద్ద దుమారం రేగింది. ఆ ప్రశ్నలు సరైనవా కావా అని వాదించవచ్చు. అడిగినవారి దేశభక్తిని కొలవడం వేరే సంగతి.

2019 ఎన్నికలు బాలాకోట్ దాడి జరిగిన కొద్ది వారాలకే వచ్చాయి. రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచారానికి వాడవద్దని ఎన్నికల సంఘం పార్టీలకు మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది. అదే ఎన్నికలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపు, ఎర్రజొన్న ధరల గోడు వినిపించడానికే వారు నామినేషన్లు వేశారు. దేశమంతా యుద్ధం గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా మార్కెట్ యార్డు ప్రశ్న చిన్నది కాదని వారు చూపించారు.

మరి ఒక నాయకుడు చెప్పే సేవ నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, చదువు, వృత్తి ఉంటాయి. సైనిక సేవకు ప్రత్యేకంగా గడి లేదు. అయితే మాజీ సైనికుని దగ్గర డిశ్చార్జి బుక్ ఉంటుంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు ఉంటుంది. శౌర్య పతకాల పేర్లు భారత గెజిట్‌లో వస్తాయి. పసుపు పైకి ఎంత పాలిష్‌తో మెరిసినా కొనేవారు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. నాయకుని మాటకూ అంతే జాగ్రత్త కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను చూడకుండా పంపితే అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞను మనమే మీరినవారమవుతాం.

బైబిలుకు ఈ సంగతి కొత్త కాదు. సౌలు తన ఖడ్గం మీద తానే పడి చనిపోతే, అమాలేకీయుడొకడు తానే చంపానని చెప్పుకొని బహుమానం ఆశించి దావీదు దగ్గరికి వచ్చాడు (2 సమూయేలు 1). యుద్ధంలో లేని ఘనతను తనదిగా చెప్పుకున్న ఆ మాటే అతని ప్రాణం తీసింది.

దావీదు సేవ మాత్రం నిజమైనది. గొల్యాతును కొట్టినవాడు, ఇశ్రాయేలులో అంతటి యోధుడు లేడు. అయినా సైన్యం రబ్బా దగ్గర పోరాడుతుండగా అతడు యెరూషలేములో నిలిచిపోయి ఊరియా భార్యను తీసుకున్నాడు. తోటి సైనికులు మైదానంలో ఉండగా ఇంటికి వెళ్లనన్న ఊరియాను చంపించాడు. నాతాను ప్రవక్త దావీదు పాత విజయాలను చూసి ఊరుకోలేదు. రాజు ముందు నిలిచి అడిగాడు. దావీదు కూడా గొల్యాతు పేరు ఎత్తలేదు, పాపం ఒప్పుకున్నాడు. దావీదు పరాక్రమశాలుల పట్టికలో చివరి పేరు హిత్తీయుడైన ఊరియాదే (2 సమూయేలు 23:39). రాజు దాచాలనుకున్న సైనికుని పేరును దేవుడు నిలబెట్టాడు.

మన మధ్యా అలాంటి పేర్లున్నాయి. ఆర్మూరుకు దగ్గరలోని వేల్పూర్ మండలం కోమన్‌పల్లి యువకుడు ర్యాడ మహేశ్ 2020 నవంబర్ 8న కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో ప్రాణమిచ్చాడు. అదే ఏడాది జూన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో నేలకొరిగారు. వారు ఓటు అడగలేదు. వారి త్యాగాన్ని ఏ పార్టీ తన సొంతం అనుకోకూడదు.

యోహాను తన దగ్గరికి వచ్చిన సైనికులను కొలువు మానమనలేదు. ఎవరినీ బాధించవద్దని, అబద్ధపు నింద మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:14). తుపాకీ పట్టినవానికి చెప్పిన ఆ రెండో మాట, ఫోన్ పట్టిన మనకూ వర్తిస్తుంది. ఈ ఆదివారం అధికారుల కోసం ప్రార్థించేటప్పుడు సరిహద్దులోని బిడ్డలనూ, వారి తల్లిదండ్రులనూ పేరుపేరునా జ్ఞాపకం చేసుకుందాం. సేవ చేసినవారిని గౌరవిద్దాం, చేయనివారిని హీనపరచవద్దు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతివారినీ ఇప్పుడు చేస్తున్న పని గురించి అడుగుదాం.