గ్రుడ్డు పిల్ల యగుట

కామారెడ్డి బజారులో ట్రేకు 30 చొప్పున అమ్ముచున్న తెల్లని గ్రుడ్లను కొనిపోయి, ఎల్లారెడ్డి వైపు పల్లెలో పొదుగుకు వచ్చిన నాటుకోడి క్రింద నుంచినచో ఏమగును? కోడి తన పని తాను చేయును. మేతకు, నీటికి మాత్రమే లేచుచు 21 దినములు వానిపై కూర్చుండును. కాని ఒక్క పిల్లయు బయటికి రాదు. లోపము కోడిది కాదు. ఆ గ్రుడ్లలో పిండమే లేదు.

పుంజు లేనిదే పెట్ట గ్రుడ్డు పెట్టదని పలువురు తలంతురు. అది సరికాదు. గ్రుడ్డు పెట్టుటకు పుంజుతో పనిలేదు. ఆ గ్రుడ్డు పిల్ల యగుటకే పుంజు కావలెను. గ్రుడ్లకొరకు కోళ్ళను పెంచు ఫారములలో పుంజుల నుంచరు. కనుక అచటి గ్రుడ్లు తినుటకే గాని పొదిగించుటకు పనికిరావు.

పెట్ట కడుపులో సాధారణముగా ఎడమవైపు అండాశయ మొక్కటియే పనిచేయును. అందు చిన్నవి, పెద్దవి పచ్చసొనలు ద్రాక్షగుత్తివలె వ్రేలాడుచుండును. పండిన సొన విడివడి, మూరన్నర పొడవుగల ఒక నాళములోనికి జారును. పుంజు బీజము సొనతో కలియునది ఈ నాళపు మొదటనే, మొదటి పావుగంటలోనే. పిమ్మట తెల్లసొన చుట్టుకొనుటకు సుమారు 3 గంటలు, పలుచని పొరలు రెండు ఏర్పడుటకు గంటకు పైగా, పెంకు కట్టుటకు దాదాపు 20 గంటలు పట్టును. పెంకునకు వలసిన సున్నము మేతలో చాలనిచో పెట్ట తన ఎముకలనుండి తీసి యిచ్చును! అందుచేతనే తెలిసినవారు కోళ్ళకు గుల్లల పొడి వేయుదురు. ఈ పనియంతటికి 24 మొదలు 26 గంటలు పట్టుటచే, నేడు ఉదయమున పెట్టిన పెట్ట రేపు కొంత ప్రొద్దెక్కిన పిదప పెట్టును. ఆలస్యము పెరిగి పెరిగి, ఒకనాడు పెట్టనే పెట్టదు.

పుంజు బీజము పెట్ట నాళపు ముడుతలలో ఇంచుమించు రెండు వారములు నిలిచియుండును. కావున పుంజును అమ్మివేసిన కొన్ని దినములవరకు పెట్టిన గ్రుడ్లును పొదుగునకు పనికివచ్చును.

జీవమున్న గ్రుడ్డు బయటపడునప్పటికే అందలి పిండము కొంత పెరిగియుండును. చల్లదనము తగిలిన వెంటనే అది నిద్రించును. సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చల్లదనమున ఆ నిద్ర చెడదు. చిక్కంతయు వేసవిలోనే. మే మాసమున ఈ ప్రాంతములో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇంటిమూల పదునైదు దినములు కూడబెట్టిన గ్రుడ్లలో పిండము సగము మేల్కొని, నిలుకడయైన వేడి దొరకక చనిపోవును. గంప క్రింద 15 గ్రుడ్లు పెట్టిన ఇల్లాలికి అయిదారు పిల్లలే దక్కినప్పుడు ఇరుగుపొరుగువారు దిష్టి యందురు. తరచుగా అది దిష్టి కాదు, వేడి. తడియిసుకలో సగము పూడ్చిన మట్టికుండలో గ్రుడ్లనుంచి, వారము లోపల పొదుగ వేసినచో ఈ నష్టము చాలవరకు తప్పును. గ్రుడ్లను కడుగరాదు, పెంకులోని సన్నని రంధ్రములగుండ మలినము లోనికి పోవును.

పొదుగుటకు 37.5 డిగ్రీల వేడి కావలెను. కోడి ముక్కుతో గ్రుడ్లను మాటిమాటికి దొర్లించుట మీరు చూచియుందురు. అట్లు చేయనిచో పిండము పొరకు అంటుకొని చచ్చును. ఏడవనాటి రాత్రి గ్రుడ్డును టార్చిలైటు కెదురుగా పట్టిచూచిన, ఎఱ్ఱని నరములు సాలెపురుగు కాళ్ళవలె కనబడును. ఏమియు కనబడని గ్రుడ్లు వట్టివి, వానిని తీసివేయవలెను.

ఇరువదియొకటవనాడు పిల్ల తన ముక్కుపైనున్న చిన్న కొనతో పెంకును పగులగొట్టుకొని వచ్చును. మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసికొనియే పుట్టుటచే, రెండు దినములు మేత లేకున్నను దానికి లోటు రాదు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలను పుట్టిననాడే అట్టపెట్టెలలో దూరపు పల్లెలకు పంపగలుగుట ఈ సొన చలువయే.