కాలేయ మార్పిడి అనంతరం హెపటైటిస్-బి తిరగబెట్టడం: తిరస్కరణ నిరోధక ఔషధాల పాత్ర

కీలకపదాలు: కాలేయ మార్పిడి, టి-కణాలు, టాక్రోలిమస్, స్టెరాయిడ్లు, హెపటైటిస్-బి, ఎంటెకవిర్.

1. ఉపోద్ఘాతం

హెపటైటిస్-బి వల్ల కాలేయం పూర్తిగా దెబ్బతిన్న రోగికి మార్పిడి శస్త్రచికిత్స ప్రాణాధారం. అయితే పాత కాలేయాన్ని తొలగించినంత మాత్రాన వైరస్ శరీరాన్ని వీడిపోదు. రక్తంలోను, తెల్లరక్తకణాలలోను మిగిలి ఉండి, కొత్త కాలేయానికి సోకుతుంది. అవయవాన్ని కాపాడే మందులే ఈ వైరస్‌కు ఎలా తోడ్పడతాయో, ఆ ప్రమాదాన్ని వైద్యశాస్త్రం ఎలా అదుపు చేసిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఔషధాలు - వైరస్

దాత అవయవాన్ని రోగి శరీరంలోని టి-కణాలు పరాయిదిగా గుర్తించి దాడి చేస్తాయి. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ అనే ఔషధాలు కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును నిరోధించి ఆ కణాల చురుకుదనాన్ని తగ్గిస్తాయి. వైరస్ సోకిన కాలేయకణాలను నిర్మూలించేవి కూడా టి-కణాలే. కాబట్టి తిరస్కరణ తగ్గే క్రమంలో వైరస్‌పై నిఘా సడలుతుంది.

స్టెరాయిడ్ల ప్రభావం రెండు విధాలు. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అంతేకాక, వైరస్ డి.ఎన్.ఏ.లో గ్లూకోకార్టికాయిడ్లకు స్పందించే భాగం ఒకటి ఉన్నందున, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు వైరస్ ఉత్పత్తిని నేరుగా ప్రేరేపించగలవు.

3. నివారణ మార్గాలు

తొలి దశలో వ్యాధి తిరగబెట్టడం వల్ల ఇలాంటి రోగులకు మార్పిడి చేయడానికే అనేక కేంద్రాలు వెనుకాడాయి. 1993లో వెలువడిన ఐరోపా అధ్యయనం 372 మంది రోగులను పరిశీలించి, హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబులిన్‌ను దీర్ఘకాలం ఇస్తే ఈ ప్రమాదం తగ్గుతుందని నిరూపించింది. అనంతరం లామివుడిన్ వాడుకలోకి వచ్చింది. కాని ఏళ్ల తరబడి వాడినప్పుడు ఆ మందుకు లొంగని వైరస్ రూపాలు తలెత్తాయి. ఎంటెకవిర్, టెనోఫోవిర్ ఔషధాలు ఈ లోపాన్ని చాలావరకు తీర్చాయి. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ మూత్రపిండాలకు హాని చేయగలదు. కాల్సిన్యూరిన్ నిరోధకాలకూ అదే దోషం ఉన్నందున, రెండూ కలిపి వాడేటప్పుడు మూత్రపిండాల పనితీరును తరచుగా పరీక్షించాలి.

4. ముగింపు

రక్తపరీక్షలో వైరస్ కనబడనంత మాత్రాన వ్యాధి నిర్మూలమైనట్లు కాదు. కాలేయకణ కేంద్రకంలో వలయాకారంలో నిలిచి ఉండే వైరస్ డి.ఎన్.ఏ.ను ఈ ఔషధాలు అణచి ఉంచగలవే కాని నశింపజేయలేవు. కనుక స్టెరాయిడ్లను వీలైనంత త్వరగా తగ్గించడం, తిరస్కరణ నిరోధక ఔషధాలను అవసరమైన కనిష్ఠ మోతాదులో ఇవ్వడం, వాటితోపాటు వైరస్ నిరోధక ఔషధాన్ని కొనసాగించడం చికిత్సకు మూలసూత్రాలు. ఆరోగ్యంగా ఉన్నామన్న ధీమాతో రోగి వైరస్ మందును సొంతంగా మానివేస్తే, దాత ఇచ్చిన కాలేయానికే ముప్పు వాటిల్లుతుంది.