ఆత్మగౌరవం: మనిషి తనకు తాను కట్టుకునే విలువ

మనిషి తన గురించి ఏర్పరచుకునే అభిప్రాయాలలో అన్నింటికంటే లోతుగా పాతుకుపోయేది, తన విలువ ఎంత అనే దానికి సంబంధించిన అభిప్రాయం. తాను గౌరవానికి తగినవాడినేనా, నలుగురిలో తనకొక చోటు ఉందా అనే ప్రశ్నలకు ప్రతి వ్యక్తీ లోలోపల ఏదో ఒక సమాధానం చెప్పుకుంటూనే ఉంటాడు. కాలక్రమంలో స్థిరపడిన ఆ సమాధానాన్నే మనస్తత్వ శాస్త్రం ఆత్మగౌరవంగా గుర్తిస్తుంది. ఒక పనిని చేయగలనన్న నమ్మకం ఆత్మవిశ్వాసం కాగా, ఆ పని చేయగలిగినా చేయలేకపోయినా తాను విలువైన మనిషినేనన్న ఎరుక ఆత్మగౌరవం. లెక్కల్లో వెనుకబడిన విద్యార్థికి ఆ సబ్జెక్టులో ఆత్మవిశ్వాసం లేకపోవచ్చు గాని, అంతమాత్రాన తాను ఎందుకూ కొరగానివాడినని అనుకోనంత కాలం అతని ఆత్మగౌరవానికి లోటు రాదు.

ఈ భావనను శాస్త్ర పరిధిలోకి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు అమెరికా తత్త్వవేత్త విలియమ్ జేమ్స్. మనస్తత్వ శాస్త్ర సూత్రాలపై 1890లో వెలువరించిన ఉద్గ్రంథంలో ఆయన దీనికొక లెక్క చెప్పాడు: మనిషి సాధించినదాన్ని అతడు ఆశించినదానితో భాగిస్తే వచ్చేదే ఆత్మగౌరవం. మనస్తత్వ శాస్త్రజ్ఞుడిగా పేరు తెచ్చుకోవాలని కోరుకున్నాడు కాబట్టి ఆ శాస్త్రం తనకంటే బాగా తెలిసినవారు ఎదురైతే చిన్నబోతాననీ, గ్రీకు భాష బొత్తిగా రాకపోయినా తనకు ఏ చింతా లేదనీ ఆయన తననే ఉదాహరణగా చూపాడు. ఈ లెక్క ప్రకారం, ఎక్కువ సాధించడం ద్వారానే కాక, అందని ఆశలను వదులుకోవడం ద్వారా కూడా మనిషి తేలికపడవచ్చు.

అయితే విలువను సాధించినదానితోనే ముడిపెట్టవలసిన అవసరం లేదని తర్వాతి తరం పరిశోధకులు గ్రహించారు. సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ న్యూయార్క్ రాష్ట్రంలోని 10 ఉన్నత పాఠశాలలకు చెందిన సుమారు 5,000 మంది విద్యార్థులను పరిశీలించి, 1965లో ప్రకటించిన గ్రంథంలో ఒక కొలమానాన్ని అందించాడు. అందులో ఉన్నవి 10 వాక్యాలే. అయిదు వాక్యాలు వ్యక్తికి తనపై ఉన్న మంచి అభిప్రాయాన్నీ, మిగిలిన అయిదు తక్కువ అభిప్రాయాన్నీ తెలుపుతాయి. ఒక్కొక్కదానికి పూర్తిగా ఒప్పుకోవడం మొదలుకొని అసలే ఒప్పుకోకపోవడం దాకా నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ప్రపంచమంతటా నేటికీ వాడుకలో ఉన్న ఈ కొలమానంలో, తాను ఇతరులకంటే గొప్పవాడినన్న భావనకు చోటు లేదు. తాను కూడా ఇతరులతో సమానంగా విలువ గలవాడినన్న తృప్తి ఎంత ఉందన్నదే దాని లక్ష్యం. ఆత్మగౌరవానికీ అహంకారానికీ మధ్య గీత ఇక్కడే ఉంది.

ఈ తృప్తికి పునాది బాల్యంలో పడుతుంది. తల్లిదండ్రులు బిడ్డను ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించడం, ఏది కూడదో స్పష్టంగా హద్దులు చెప్పడం, ఆ హద్దుల లోపల బిడ్డ మాటకు విలువ ఇవ్వడం అనే మూడింటినీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కూపర్‌స్మిత్ 1967లో బలమైన ఆత్మగౌరవానికి మూలాలుగా గుర్తించాడు. మన ఇళ్లలో మందలించేటప్పుడు అలవోకగా వచ్చే ‘పక్కింటి పిల్లాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకో’, ‘నువ్వెందుకూ పనికిరావు’ వంటి మాటలు ఈ మూడింటికీ విరుద్ధమైనవి. అవి జరిగిన తప్పును చూపి ఊరుకోకుండా, తప్పు చేసిన మనిషికే వెల కడతాయి. అలాగని బిడ్డను ఆకాశానికెత్తడమూ మందు కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లలను, వారి తల్లిదండ్రులను కొంతకాలం పాటు గమనించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, తమ బిడ్డ అందరికంటే ప్రత్యేకమని భావించే తల్లిదండ్రుల పిల్లల్లో ఆత్మస్తుతి పెరిగితే, ఆప్యాయత చూపే తల్లిదండ్రుల పిల్లల్లో ఆత్మగౌరవం పెరిగినట్టు తేలింది.

ఇల్లు వేసిన పునాదిని సమాజం నిలపనూవచ్చు, కదిలించనూవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 6, 7 తరగతుల బాలురతో చేసి, 2006లో ప్రకటించిన ప్రయోగం దీన్ని కళ్లకు కడుతుంది. కాగితంపై గీసిన చిక్కుదారులకు బయటపడే దారి కనిపెట్టాలి. ఒక్కొక్కదానికి ఒక రూపాయి చొప్పున బహుమానం. ఎవరి కులమేమిటో చెప్పనప్పుడు అగ్రవర్ణాల బాలురూ దళిత బాలురూ దాదాపు సమానంగా రాణించారు. ప్రతి బాలుడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరుతోపాటు కులాన్నీ అందరి ఎదుటా చదివి వినిపించినప్పుడు మాత్రం దళిత బాలురు పూర్తిచేసినవాటి సంఖ్య గణనీయంగా పడిపోయింది. తెలివి అదే, పని అదే. మారినదల్లా ఎదుటివారి దృష్టిలో తాము ఎవరమన్న స్పృహ. అణచివేతకు గురైన ప్రజల ఉద్యమాలు కూలి, భూమి, చదువులతోపాటు గౌరవాన్నీ కోరడానికి కారణం ఇదే. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, పరులు తగిలించిన పంచములన్న ముద్రను తోసిపుచ్చి, తాము ఆది ఆంధ్రులమని ప్రకటించడం ఆ కోవలోనిదే.

ఇంత ముఖ్యమైనది కాబట్టే ఆత్మగౌరవంపై అతిగా ఆశలు పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా శాసనసభ్యుడు జాన్ వాస్కొన్‌సెల్లోస్ చొరవతో ఆ రాష్ట్రం 1986లో ఒక కార్యదళాన్నే నియమించింది. ప్రజల ఆత్మగౌరవాన్ని పెంచితే నేరాలు, మాదకద్రవ్యాల వాడకం, చదువులో వైఫల్యం వంటివి తగ్గుతాయని దాని వెనుక ఉన్న నమ్మకం. 2003లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాయ్ బామైస్టర్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, ఆత్మగౌరవాన్ని పెంచినంత మాత్రాన మార్కులు పెరగవనీ, బాగా చదివినందువల్లే ఆత్మగౌరవం కొంత పెరుగుతుందనీ తేల్చింది. అయితే ఆత్మగౌరవం గలవారు ఎక్కువ సంతోషంగా ఉంటారనీ, చొరవ చూపుతారనీ, కొన్ని సందర్భాల్లో ఓటమి తర్వాత కూడా ప్రయత్నం కొనసాగిస్తారనీ ఆ బృందమే చెప్పింది. విజయాన్ని తెచ్చిపెట్టే మంత్రంగా కాక, పరాజయాన్ని తట్టుకోగల శక్తిగా చూసినప్పుడే దాని నిజమైన పాత్ర అర్థమవుతుంది.

ఈ దృష్టితో చూస్తే తెలుగు రాష్ట్రాల విద్యార్థి లోకం స్థితి కలవరం కలిగిస్తుంది. ఇంటర్ మార్కులు, పోటీ పరీక్షల ర్యాంకులు పత్రికల మొదటి పేజీ ప్రకటనల్లో ఫొటోలతో సహా మెరిసే వాతావరణంలో, కోరవలసినదేమిటో విద్యార్థి నిర్ణయించుకోకముందే ఇల్లూ కళాశాలా నిర్ణయించేస్తున్నాయి. జేమ్స్ చెప్పిన లెక్కలో ఆశించే భాగాన్ని పరులే రాస్తుంటే, ఎంత సాధించినా ఆ బిడ్డ తన దృష్టిలో తాను తక్కువగానే మిగులుతాడు. తన విలువనంతా ఒకే ఆధారానికి కట్టుకున్న మనిషికి ఆ ఆధారం తెగడం సర్వనాశనంగా తోస్తుంది. ఫలితాలు వెలువడిన రోజుల్లో విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు ఏటా వినవలసి రావడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణమే.

దీనికి విరుగుడు పొగడ్త కాదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ 1998లో ప్రకటించిన ప్రయోగాల్లో, తెలివికి మెప్పు పొందిన పిల్లలు ఆ పేరు పోతుందన్న భయంతో తేలికైన పనులను ఎంచుకోగా, కష్టపడినందుకు మెప్పు పొందిన పిల్లలు నేర్చుకోవడానికి అవకాశమున్న కష్టమైన పనులకు సిద్ధపడ్డారు. బాల్యం దాటినవారికీ దారి మూసుకుపోలేదు: పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి వివరిస్తూ వచ్చిన స్వీయ కరుణ, అంటే కష్టంలో ఉన్న మిత్రుడితో మాట్లాడినట్టే తనతో తాను మాట్లాడుకోవడం, అభ్యాసంతో అలవడే గుణం. అంతకు మించి కుంగుబాటు ఎదురైతే కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సహాయవాణి 14416 అందుబాటులో ఉంది. సహాయం కోరడం గౌరవానికి భంగం కానే కాదు.

ఆత్మగౌరవం వ్యక్తి మనసులో ఉండేదే అయినా, దాన్ని అతనొక్కడే నిర్మించుకోలేడు. తప్పును సరిదిద్దుతూనే మనిషిని కించపరచని తల్లిదండ్రులు, మార్కులతో నిమిత్తం లేకుండా ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పలకరించే ఉపాధ్యాయులు, పుట్టుకను బట్టి ఎవరినీ తక్కువగా చూడని ఇరుగుపొరుగు ఉన్నచోట, దాని కోసం ప్రత్యేకంగా పాఠాలు చెప్పవలసిన పని ఉండదు. గౌరవం పొందుతూ పెరిగినవారికి తమను తాము గౌరవించుకోవడం సులువు, ఇతరులను గౌరవించడం ఇంకా సులువు.