చిత్రపటంలో నీళ్ళకుండ

చిత్రాన్ని చూచేటప్పుడు మన దృష్టి ముందుగా ముఖాల మీదికి పోతుంది. దేవుడెవరు, రాజెవరు అని విచారిస్తాము. మూలనున్న కుండను, చాటను అలంకారమనుకొని దాటిపోతాము. అయితే ఆ చిత్రం ఎటువంటి సమాజంలో పుట్టినదో చెప్పగల సాక్షి ఒక్కొక్కప్పుడు ఆ కుండయే.

ఇబ్రహీంపట్నం వాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇబ్రాహీం కులీ కుతుబ్‌షా పేరు నిలిచిన ఊరది. పెద్దచెరువు గల ఊరు. కొళాయిలు రాకపూర్వం నీళ్ళబిందె ఎవరి చంకనెక్కి ఎవరి గడప చేరేదో, ఎవరి కుండను ఎవరు ముట్టరాదో పెద్దలు ఎరిగినదే. అందుచేత బిందెను వ్రాసిన చిత్రకారుడు, తెలిసిగాని తెలియకగాని, స్త్రీల శ్రమను, కులాల కట్టుబాట్లను కూడ వ్రాసినట్లే.

ఇతర దేశాలలోనూ ఇంతే. ఫ్రాన్సులో షార్డాన్ (1699-1779) కాలపు కళాపరిషత్తు పురాణ, చరిత్ర గాథల చిత్రాలకు అగ్రాసనమిచ్చి, వంటింటి సామానుల చిత్రాలను చివరి పంక్తిలో కూర్చుండబెట్టినది. అయినను ఆయన 1734 ప్రాంతంలో ఒక రాగి నీళ్ళతొట్టిని శ్రద్ధగా చిత్రించినాడు. అది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. అందులో మనిషి లేడు. కాని ఆ నీటిని ఎవరో మోసి తేవలెను గదా! అంతకు శతాబ్దం ముందే, 1620 ప్రాంతంలో, స్పెయిను దేశపు వెలాస్కెజ్ ఆ మోసేవానినే మన ఎదుట నిలిపినాడు. సెవిల్ నగరపు నీళ్ళమ్మే వృద్ధుడు చినిగిన అంగీతో నిలిచి, మంచి దుస్తులు ధరించిన బాలునికి గాజుపాత్ర అందిస్తున్నాడు. ముందున్న మట్టికుండ మీది నీటిబొట్లు ఒక్కొక్కటి లెక్కింపవచ్చును.

మన సిద్దిపేట చిత్రకారులు కాపు రాజయ్య (1925-2012) బోనాలను, బతుకమ్మను చిత్రించినారు. బోనమంటే పసుపు కుంకుమలు, వేపమండలు, పైన దీపం గల కుండ. నిత్యం నీళ్ళు మోసిన తలయే ఆనాడు అమ్మవారి నైవేద్యాన్ని మోస్తుంది.

అంతకంటె విపులమైన సాక్ష్యం చెరియాల పటాలలో దొరుకుతుంది. నకాషీ చిత్రకారులు బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎర్రని నేలమీద కథను అంతస్తులు అంతస్తులుగా వ్రాస్తారు. కథ చెప్పేవారు పటాన్ని విప్పుతూ పాడుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, రజకులకు మడేలు పురాణం — ఏ కులానికి ఆ కథ. మగ్గం, కల్లు లొట్టి, మోకు ఇక్కడ అలంకారాలు కావు. కులవృత్తికి దైవమూలం చెప్పే ఆధారాలు. ఊరు చులకనగా చూచిన పనిముట్టుకు పటంలో దేవతల ప్రక్కన చోటు దొరికినది. ఇది గౌరవమే, అయితే వృత్తిని పుట్టుకకు కట్టివేసే ముడి కూడ ఇదే. ఈ రెండింటిని కలిపి చూడక, పల్లె అందాలని మాత్రమే మెచ్చుకొనేవారి మెప్పు నాకు సగం మెప్పుగానే తోస్తుంది.

ఇప్పుడు పటం కథలు చెప్పేవారు అరుదు. చెరియాలలో చిన్న చిన్న చట్రాల చిత్రాలు, ముఖాలు చేసి పట్టణాలకు అమ్ముతున్నారు. నడుముకు లొట్టి కట్టుకొన్న గీతకార్మికుడు నేడు హైదరాబాదు ఇళ్ళ గోడలమీద కనిపిస్తాడు. అది ఎవరి లొట్టియో పాడి చెప్పేవారు ప్రక్కన ఉండరు.